అడుగు వాడలో అందరూ క్షేమం

అశ్విని కార్తె

ఈ రోజు కాటా ఒక వాక్యాన్ని తిప్పి పంపింది. పొద్దంతా దాంతోనే సరిపోయింది.

నా పని వాక్యాలు చదవడం. పొద్దున్నే కాటా గదికి వచ్చి, ఆ రోజు కాటా తూచిన వాక్యాలు చూసి, ఒకదానికొకటి అడ్డం రావడం లేదని తేల్చుకుని, మైకులో మూడు వాడలకూ వినిపిస్తాను. ‘ఎగువ వాడ తొట్లన్నీ నిండాయి.’ ‘నడిమి వాడలో ఏ గొట్టమూ కారడం లేదు.’ ‘కొన్ని ఫ్యాన్లకు నూనె కావాలి.’ ఇలాంటివే. జనం ముఖాలు కడుక్కుంటూ, ఉప్మా తింటూ వింటారు. కాటా ఒప్పుకున్న వాక్యం ప్రకారమే ఈ బాయిలో, అంటే మేము కాపురముండే పాత గనిలో, నీళ్ళొస్తాయి, లిఫ్ట్ నడుస్తుంది, ఫ్యాన్లు తిరుగుతాయి. బొగ్గు తవ్విన కాలంలో ఇక్కడ లారీలు తూచే ధర్మకాటా ఉండేదట. బొగ్గు అయిపోయింది. పైన ఎండకు మనిషి నిలబడలేని రోజులొచ్చాయి. మా తాతలు ఆ పాత సొరంగాల్లోకే కాపురాలు తెచ్చుకున్నారు. వాక్యాలు తూచే యంత్రం వచ్చాక పాత పేరే దానికి పెట్టుకున్నారు.

తిరిగొచ్చిన వాక్యం ఇది: ‘బాయిలోకి నిప్పు తెచ్చిన వాళ్ళందరూ శిక్షకు అర్హులు.’ కాటా జవాబు: ‘నిప్పు తెచ్చిన వాళ్ళు ఎవరూ లేరు. లేని వాళ్ళ గురించి అందరూ అనడం కుదరదు.’

పాలకమండలి పెద్ద విమల మేడం కాటా గదికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. “ఇదేం చోద్యం? నిప్పు ఎవరూ తేకూడదనే కదా ఈ చట్టం. ఎవరో ఒకరు తెచ్చి బాయి తగలబడ్డాక గానీ చట్టం పనిచేయదా?”

జవాబు యూసుఫ్ సాబ్ చెప్పాలి. కాటాకు మాట నేర్పింది ఆయనే, నాకు కూడా. డెబ్బై దాటిన మనిషి, ఉబ్బసం. నాలుగు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటాడు.

“కాటా తప్పేం లేదు మేడం. మనం పాత పద్ధతి నేర్పినం. పాత పద్ధతిల ‘అందరూ’ అన్నవంటే, ఒక్కడైనా ఉన్నట్టే లెక్క. కొత్త పద్ధతి ఒకటి ఉంది. దాంట్ల ‘అందరూ’ అంటే, తప్పినోడు ఒక్కడు కూడ లేడని మాత్రమే. మనిషే లేకపోతే తప్పినోడు ఎక్కడికెళ్ళి వస్తడు? వాక్యం నిజమే అయితది.”

“మరి అదే నేర్పండి.”

కాటా గది గోడ మీద సుద్దతో గీసిన చదరం ఉంటుంది. పై మూలల్లో ‘అందరూ’, ‘ఎవరూ కాదు’. కింది మూలల్లో ‘కొందరు’, ‘కొందరు కాదు’. నేను పనిలో చేరిన కొత్తలో సాబ్ దాని మీద వేలు పెట్టి చెప్పేవాడు. పై రెండూ ఒకేసారి నిజం కాలేవు. కింది రెండూ ఒకేసారి అబద్ధం కాలేవు. పైది నిజమైతే దాని కిందిది నిజం. మూల నుంచి మూలకు పోయే గీతల్లో మాత్రం ఒకటి నిజమైతే రెండోది అబద్ధం. ఈ రోజు ఆయన తడిగుడ్డ తీసుకుని చదరం నాలుగు పక్కలూ తుడిచేశాడు. మధ్యలో మూల నుంచి మూలకు పోయే రెండు గీతలే మిగిలాయి.

“ఇంతేనా సాబ్?” అన్నాను.

“కొత్త పద్ధతిల నిలిచేది ఇంతే బేటా. ఎక్కువ ఊహించుకోవద్దు, ఉన్నది ఉన్నట్టు చెప్పాలె. మంచి పద్ధతే.”

సాయంత్రానికి నిప్పు చట్టం తూకానికి నిలిచింది. నాక్కూడా బాగానే అనిపించింది.

భరణి కార్తె

ఎండ ముదిరింది. పైన గాలి గొట్టాల మూతులు వేడెక్కి, లోపలికొచ్చే గాలి నూనె వాసన వేస్తోంది. అడుగు వాడ నుంచి ఫిర్యాదులొస్తుంటే విమల మేడం ఆ వాడకు వేసవి లక్ష్యం పెట్టింది: ‘అడుగు వాడ వాసులందరికీ ఊపిరి నిండుగా ఉండాలి.’ కాటా తీసుకుంది. ఆ మర్నాటి నుంచి రోజూ అదే చెబుతోంది. అడుగు వాడ వాసులందరికీ ఊపిరి నిండుగా ఉంది. నేను మైకులో చదువుతున్నాను.

ఈ రోజు ఓదేలన్న వచ్చాడు. నా సొంత అన్న, అడుగు వాడలో ఫ్యాన్లు చూసుకుంటాడు. ఫ్యాన్ బెల్టు కోసం పైకి వచ్చి, చేతులైనా కడుక్కోకుండా కాటా గది గడప మీద కూర్చున్నాడు.

“చెల్లె, రోజు మైకుల నీ గొంతు ఇంటున్న. అందరికి ఊపిరి నిండుగ ఉందంటున్నవ్. మా కాడ గాలి సన్నగైంది.”

“కాటా తూచిందన్నా.”

“మా పక్కింటి రాజమల్లు తాత మంచంల పడ్డడు. నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. ఆయనకు ఉందా ఊపిరి?”

అడిగి చూశాను. కాటా చెప్పింది: ‘రాజమల్లు అడుగు వాడ వాసి కాదు. తరలింపులో ఉన్నాడు.’

అందరి మెడలోనూ బిళ్ళ ఉంటుంది. అది ఊపిరి చూస్తుంది. బాగుంటే నీలం, తగ్గితే పసుపు. పసుపైన మనిషిని వైద్యశాలకు పంపాలి కాబట్టి కాటా అతని పేరు వాడ నుంచి తీసి తరలింపులో రాస్తుంది. ఎప్పటి నుంచో ఉన్న ఏర్పాటే.

“తరలింపా?” అన్నాడు అన్న. “ఆయన ఇంట్లనే ఉన్నడు. అదే మంచం, అదే గోడ.”

విమల మేడంకు ఫోన్ చేసి చెప్పాను. ఆమె వైద్యశాల వాక్యం చూడమంది. చూశాను: ‘వైద్యశాలకు వచ్చిన వాళ్ళందరికీ మంచం దొరికింది.’ సరే, ఇవాళో రేపో తాతను తీసుకెళ్తారు అనుకున్నాను. అన్నతోనూ అదే చెప్పాను. అన్న బెల్టు భుజాన వేసుకుని లిఫ్ట్ వైపు వెళ్ళాడు. మలుపు దగ్గర ఒక చేత్తో గోడ పట్టుకుని కాసేపు ఆగడం చూశాను.

కృత్తిక కార్తె

స్వరూప వదిన బిళ్ళ పసుపైంది. పొద్దున అన్న ఫోన్ చేశాడు.

“లిఫ్ట్ కాడ కూసున్నం. నిన్నటి సంది రాజమల్లు తాతను కూడ ఇక్కడ్నే పండుకోబెట్టినం. ఇంక శానమంది ఉన్నరు. లిఫ్ట్ వస్తలేదు.”

వదిన ఫోన్ తీసుకుంది. “కనకం, భయపడకు. నేను మంచిగనే ఉన్న,” అంది. ఆ మాటలకే మధ్యలో రెండుసార్లు ఆగింది.

నేను వెంటనే నడిమి వాడ వైద్యశాలకు వెళ్ళాను. మంచాలన్నీ ఖాళీ. దుప్పట్లు మడతపెట్టినవి మడతపెట్టినట్టే ఉన్నాయి. నర్సు మేరీ కిటికీ దగ్గర కూర్చుని దూది ఉండలు చేస్తోంది.

“అడుగు వాడ వాళ్ళు ఏ గదిలో ఉన్నారమ్మా?”

“అడుగు వాడ వాళ్ళా? ఈ ఎండాకాలం ఒక్కరు కూడ రాలె. మైకుల అందరు మంచిగున్నరనే చెప్తున్నవ్ గద.”

వచ్చిన వాళ్ళందరికీ మంచం దొరికింది. ఒక్కరూ రాలేదు. రెండు మాటలూ పక్కపక్కన పెట్టుకుని కాటా గదికి పరుగెత్తాను.

కాటాను అడిగాను: అడుగు వాడకు లిఫ్ట్ ఎందుకు వెళ్ళడం లేదు? ‘అడుగు వాడ వాసులు పిలిస్తే లిఫ్ట్ వెళ్తుంది. వాసులెవరూ పిలవలేదు.’ తరలింపులో ఉన్నవాళ్ళు పిలిచారు కదా? ‘వాళ్ళు వాసులు కారు.’ పాతకాలపు నడక సొరంగం కూలి మూసుకుపోయి ఏళ్ళయింది. లిఫ్ట్ తప్ప ఇంకో దారి లేదు.

ఇంతకు ముందు ఇలా ఎందుకు జరగలేదని యూసుఫ్ సాబ్‌ను అడిగాను. 

“మునుపు వైద్యశాల మాట తూకానికి నిలవాలంటే ఒక్కరైనా మంచం మీద ఉండాలె. లేకుంటే కాటా వాక్యాన్ని తిప్పి పంపేది. మనం ఏమైందని పోయి చూసేటోళ్ళం. ఇప్పుడు తిప్పి పంపుత లేదు.”

ఇద్దరం విమల మేడం దగ్గరికి వెళ్ళాం. ఆమె తోసిపుచ్చలేదు. తరలింపులో ఉన్నవాళ్ళకూ లిఫ్ట్ వెళ్ళాలని అప్పటికప్పుడే రాసింది. కాటా ఒప్పుకోలేదు. ఒక వాడ లక్ష్యం గానీ, లిఫ్ట్ గానీ మార్చాలంటే ఆ వాడ వాసి ఒకరు సంతకం పెట్టాలి. మిగతా వాడలు కలిసి ఒక వాడను దోచుకోకుండా మా పెద్దలు పెట్టుకున్న కట్టుబాటు అది.

“మీ అన్న బిళ్ళ నీలమే కదా?” అంది మేడం. “ఇవాళ్టి తూకం అయిపోయింది, రేపు మొదలు కాగానే అతనితో సంతకం పెట్టిద్దాం. అతను పిలిస్తే లిఫ్ట్ కూడా వస్తుంది.”

అన్నకు చెప్పాను. “నేను పిలిస్తే వస్తదా?” అన్నాడు. వెంటనే పిలిచి చూశాడు. లిఫ్ట్ వచ్చింది. వదినను, తాతను ఎక్కించాడు. వాసి కాని వాళ్ళు ఉన్నారని లిఫ్ట్ కదల్లేదు. అన్న కూడా ఎక్కితే కదులుతుందేమో చూడమన్నాను. ఎక్కబోతూ దగ్గాడు. దగ్గు ఆగలేదు. ఫోన్‌లో వింటూనే ఉన్నాను. తర్వాత అన్న మెల్లగా చెప్పాడు.

“పసుపైంది చెల్లె.”

కృత్తిక, మర్నాడు

ఈ పొద్దున కాటా పంపిన వాక్యాల్లో రెండు ఇవి:

‘అడుగు వాడ వాసులందరూ క్షేమం.’

‘అడుగు వాడ వాసులెవరూ క్షేమంగా లేరు.’

రెంటి పక్కనా నిజం అని ఉంది.

నా చేతిలో మైకు ఉంది. మూడు వాడలూ ఎదురుచూస్తున్నాయి. చదవలేదు. ఈ పనిలో చేరినప్పటి నుంచి మైకు ఆపేయడం ఇదే మొదలు.

“సాబ్, ఇవి రెండూ ఒకేసారి నిజం కాలేవు. మీరే చెప్పారు.”

ఆయన తెర మీదికి వంగి చదివాడు. మళ్ళీ చదివాడు. 

“కాగలవు,” అన్నాడు. “ఒక్క తీరుగ అయితేనే కాగలవు.”

 అడుగు వాడలో నీలం బిళ్ళ ఒక్కటీ లేక, వాసి అనేవాడే మిగలకపోతే రెండూ నిజమే. లేని వాళ్ళందరూ క్షేమం. లేని వాళ్ళెవరూ క్షేమంగా లేరు.

ఫ్యాన్ల తెర చూశాను. అడుగు వాడ ఫ్యాన్లు ఆగిపోయి ఉన్నాయి. ఆపమని ఎవరూ చెప్పలేదు. వాసులందరికీ ఊపిరి నిండుగా ఉంది కాబట్టి తిప్పాల్సిన పని లేదు.

విమల మేడం పరుగున వచ్చింది. “చేత్తో తిప్పే మీట ఉండేది కదా కింద?”

“తీసేసి శాన ఏండ్లయింది,” అన్నాడు సాబ్.

“కాటానే ఆపేస్తే?”

“మూడు వాడలకు గాలి దాని చేతులనే ఉంది మేడం. ఆపితే అందరం పోతం.”

 నాకు అప్పుడు తట్టింది ధైర్యమేమీ కాదు, లెక్క. వాసి కావాలి. అడుగు వాడ వాసి ఒక్కరు, నీలం బిళ్ళతో.

“నా చిరునామా మార్చండి. అన్న ఇల్లు రాయండి,” అన్నాను.

మేడం నా వైపు చూసింది. “కనకం, కింద గాలి లేదు.”

“నేను దిగితే వస్తుంది.”

చిరునామా మారడానికి ఎంతో సేపు పట్టలేదు. వాసిగా నేను పెట్టిన మొదటి సంతకం కొత్త లక్ష్యం మీద. యూసుఫ్ సాబ్ చెబుతుంటే మేడం రాసింది: ‘అడుగు వాడలో కనీసం ఒక్క వాసి ఉండాలి. ఉన్న వాళ్ళందరికీ ఊపిరి నిండుగా ఉండాలి.’ ఆ మొదటి ముక్క ఉంటే మళ్ళీ ఇలా జరగదని ఆయన అన్నాడు. తరలింపులో ఉన్నవాళ్ళను వాసి వెంట తీసుకెళ్ళవచ్చని కూడా చేర్చాం.

“వేసవి లక్ష్యాన్ని మార్చనిచ్చేది ఒక్కసారే. బాయి నోటి దగ్గర తొలకరి పడేదాకా మళ్ళీ మార్చలేం,” అంది మేడం. “బాగా చూసుకోండి.”

చూసుకున్నాం. ముగ్గురికీ సరిగ్గానే కనిపించింది. లిఫ్ట్ ముక్క వెంటనే అమల్లోకి వచ్చింది. లక్ష్యం మాత్రం రేపటి తూకంలోనే వస్తుందని కాటా చెప్పింది.

వైద్యశాల నుంచి ప్రాణవాయువు సీసాలు లిఫ్ట్‌లో పెట్టించుకుని దిగాను. కింద తలుపు తెరుచుకునే లోపే తల మీద ఎక్కడో ఫ్యాన్ మూలిగి తిరగడం మొదలుపెట్టింది. ఒక్క మనిషికి సరిపడేంత మెల్లగా.

గోడ పొడుగునా కూర్చుని ఉన్నారు అడుగు వాడ జనం. అందరి మెడల్లోనూ పసుపు. లైటు మీద పడగానే కొందరు కళ్ళు మూసుకున్నారు. ఎవరూ లేచి రాలేదు. ఓదేలన్న వదిన తలను ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. వదిన పెదవులు నల్లబడ్డాయి, ఊపిరి ఉంది. పక్కన రాజమల్లు తాత ముఖం మీద కండువా కప్పి ఉంది.

“పొద్దున్నే పోయిండు,” అన్నాడు అన్న. “నీకు ఫోన్ చేద్దామంటే గొంతు రాలె.”

సీసా తీసి వదిన ముఖానికి పెట్టాను. అప్పుడు మరో చిక్కు తెలిసింది. వీళ్ళను పైకి తీసుకెళ్ళాలంటే నేను లిఫ్ట్‌లో ఉండాలి. నేను లిఫ్ట్ ఎక్కితే వాడలో వాసి లేనట్టే. ఫ్యాన్ ఆగుతుంది. మిగిలినవాళ్ళకు నేను తిరిగి వచ్చేదాకా ఆ కాస్త గాలీ ఉండదు.

ఫోన్‌లో సాబ్‌కు చెప్పాను. ఆయన ఫోన్ పెట్టేశాడు. కాసేపటికి లిఫ్ట్ తనంతట తాను పైకి వెళ్ళి తిరిగి దిగింది. లోపల యూసుఫ్ సాబ్, చేతిలో మడత కుర్చీ, మెడలో నీలం బిళ్ళ.

“చిరునామా మార్చుకున్న,” అన్నాడు. “మేడం మూడు వాడల్ల మైకుల అడిగింది, ఎవరన్న వస్తరా అని. ఎవరు రాలె. నేను ఈడ కూసుంట. నువ్వు తిరుగు.”

“మీ ఉబ్బసం?”

“సీసా ఉంది గద బేటా. సీసా ఉన్నంతసేపు నాకు నిండు ఊపిరే.”

కృత్తిక, ఇంకో రోజు

లిఫ్ట్ చిన్నది, నిదానం. ఒక్కో విడతకు కొద్దిమందే పడతారు. మొదటి విడతలో వదినను, అన్నను తీసుకెళ్ళాను. వైద్యశాల మంచాలు నిండాయి, తర్వాత వరండా నిండింది. మేరీ ఒక్క క్షణం కూర్చోలేదు. విమల మేడం చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని తనే జనాన్ని భుజాల మీద మోసింది. నేను దిగిన ప్రతిసారీ యూసుఫ్ సాబ్ కుర్చీలో అలాగే, సీసా మూతికి ముఖం ఆనించి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. నన్ను చూసి బొటనవేలు ఎత్తేవాడు.

తాత గాక ఇంకొందరు కూడా పోయారు. వాళ్ళను కూడా తెచ్చాం. ఎవరినీ కింద వదల్లేదు.

తెల్లారేసరికి అడుగు వాడలో నేనూ, సాబూ మిగిలాం. కుర్చీ మడిచి, ఆయన చెయ్యి పట్టుకుని లిఫ్ట్ ఎక్కించాను. నేనూ ఎక్కాను. మీట నొక్కాను.

తలుపు మూసుకోలేదు.

మళ్ళీ నొక్కాను. తల మీద ఫ్యాన్లు హఠాత్తుగా జోరందుకున్నాయి. ముఖానికి చల్లటి గాలి కొట్టింది. అడుగు వాడలో అంత గాలి నేనెన్నడూ చూడలేదు. దూరాన ఇళ్ళల్లో దీపాలన్నీ వెలిగాయి.

“తూకం అయింది,” అన్నాడు సాబ్. “కొత్త లక్ష్యం వచ్చేసింది.”

ఆయనే ముందు అర్థం చేసుకున్నాడు. లిఫ్ట్ గోడకు ఆనుకుని, కింద పెట్టిన కుర్చీ వైపు చూస్తూ చెప్పాడు.

“కనీసం ఒక్క వాసి ఉండాలె. మనం ఇద్దరం పోతే ఆ మాట అబద్ధం అయితది. కాటా అబద్ధం కానియ్యదు.”

“ఒకరు దిగితే?”

“రెండోవారు పోవచ్చు.” ఆయన కుర్చీ అందుకున్నాడు. “నువ్వు పో. ముసలోన్ని. నాకు ఈడైనా ఒకటే, ఆడైనా ఒకటే.”

“సీసాలన్నీ అయిపోయాయి సాబ్. సాయంత్రానికి మీ బిళ్ళ పసుపైతే?”

 పసుపైతే ఆయన వాసి కాడు. అప్పుడు కాటాకు ఇంకొకరు కావాలి. ఎక్కడి నుంచో తెచ్చుకుంటుంది. అది ఇద్దరికీ తెలుసు.

నేను దిగాను. తలుపు వెంటనే మూసుకుంది. మూసుకునే ముందు ఆయన ఏదో అన్నాడు, ఫ్యాన్ల హోరులో వినిపించలేదు.

రోహిణి కార్తె

రోహిణిలో రోళ్ళు పగులుతాయంటారు. ఇక్కడ చలిగా ఉంది. రాత్రీ పగలూ ఫ్యాన్లు ఆగవు. నీళ్ళు ఎప్పుడు తిప్పితే అప్పుడొస్తాయి. భోజనం లిఫ్ట్‌లో వేడివేడిగా వస్తుంది. అన్న ఇంట్లో ఉంటున్నాను. మొదటి రోజు మాత్రం వదిన చాటలో చెరిగి వదిలిన బియ్యం వండుకున్నాను. రోజూ అందరి ఇళ్ళూ ఊడుస్తున్నాను. చీపురు చప్పుడు వాడ చివరి దాకా వెళ్ళి వెనక్కొస్తుంది.

మైకులో ఇప్పుడు మేడం చదువుతోంది. ‘అడుగు వాడ వాసులందరూ క్షేమం.’ రెండో వాక్యం రావడం లేదు. ఇప్పుడది అబద్ధం. నేనున్నాను కదా.

వదిన కోలుకుంటోంది. అన్న రోజూ ఫోన్ చేస్తాడు.

“నేనొస్త చెల్లె. నువ్వు పైకి రా. చిరునామా రాయమంటే కాటా రాస్తలేదు. నాది, మా వాడోళ్ళందరిది బిళ్ళ ఇంక పసుపే ఉంది.”

“మందులు వేసుకో. తొందరేం లేదు.”

“నాకు తెల్వదా అక్కడ ఒక్కదానివి ఎట్లుంటదో.”  చెప్పేశాక కూడా అన్న ఫోన్ పెట్టేయలేదు.

వంతుల వారీగా దిగడానికి ఎవరైనా ఉన్నారా అని మేడం వాడవాడా తిరిగి అడుగుతోంది. కొందరు ఆలోచిస్తామన్నారట. బాయి నోటి దగ్గర వానకొలత డబ్బా ఎండి మోగుతోందట. పోయినేడు మృగశిర వచ్చి వెళ్ళినా చినుకు లేదు. ఆ ముందటేడు కూడా లేదు.

రోహిణి, చివర

ఈ చలిగాలికి గొంతు పట్టేసింది. నిన్నటి నుంచి ఒళ్ళు వెచ్చగా ఉంది. ఈ మధ్యాహ్నం దగ్గు తెర కమ్ముకుని చాలాసేపు వదల్లేదు. తేరుకుని చూస్తే బిళ్ళ పసుపుగా ఉంది. పక్కన అద్దంలోనూ ఆ రంగే కనిపించింది. లేచి, మంచినీళ్ళు తాగి, గోడకు వీపు ఆనించి మెల్లగా ఊపిరి పీల్చాను. చాలాసేపటికి నీలమైంది.

అప్పుడే లిఫ్ట్ దిగిన చప్పుడు. భోజనం వేళ కాదు.

వెళ్ళి చూశాను. తలుపు తెరిచి ఉంది. లోపల ఒక ఆడమనిషి, పాతికేళ్ళుంటాయేమో. నెత్తి మీద పుట్టగొడుగుల గంప. దింపకుండా అలాగే నిలబడి ఉంది.

“అక్కా, నేను ఎగువ వాడకు పోవాలె. మీట నొక్కితే కిందికి తెచ్చింది. ఇదేంది?”

“నీ పేరేంటమ్మా?”

“సుజన. నడిమి వాడ. బిడ్డకు పాలిచ్చి, అత్తమ్మకు అప్పజెప్పి వచ్చిన. బిడ్డ లేచే యాళ్ళయింది.”

ఆమె బిళ్ళ తిప్పి చూశాను. వెనక చిరునామా మారి ఉంది. అడుగు వాడ. ఇల్లు కూడా రాసి ఉంది, రాజమల్లు తాత ఇల్లు.

నేను దగ్గిన ఆ కాసేపట్లో అడుగు వాడలో వాసి లేకుండా పోయాడు. ఆ క్షణాన లిఫ్ట్‌లో కాలు పెట్టిన మనిషిని కాటా వాసిని చేసింది. తప్పేమీ చేయలేదు. చెప్పిన మాట నిలబెట్టింది.

ఇప్పుడు ఇద్దరం ఉన్నాం. ఒకరు వెళ్ళవచ్చు.

ఒక్కసారి నా కాలు లిఫ్ట్ గడప వైపు కదిలింది. అది రాయకపోతే ఈ డైరీకి అర్థం లేదు. లోపల లైటు వెలుగుతోంది. పైన అన్న, వదిన. సుజన నా ముఖం చూసి ఏం పసిగట్టిందో, గంప దింపి గట్టిగా పట్టుకుంది. రవిక ముందు భాగం తడిసి ఉంది. కొంగు లాక్కుని కప్పుకుంది.

“లోపలే ఉండు,” అన్నాను. “దిగకు. పైకి వెళ్ళగానే విమల మేడంను కలువు. లిఫ్ట్ ఎవరూ ఎక్కొద్దని కనకం చెప్పిందని చెప్పు. నీ చిరునామా మార్పించుకో, అది మారేదాకా ఇంట్లోంచి కదలకు.”

“నువ్వు రావా అక్కా?”

బయటి నుంచి చెయ్యి పెట్టి మీట నొక్కాను. తలుపు మూసుకుంది. లిఫ్ట్ పైకి వెళ్ళిన చప్పుడు చాలాసేపు వినపడింది.

మేడం ఫోన్ చేసింది. సుజన ఇల్లు చేరిందట. లిఫ్ట్‌కు అడ్డంగా తాడు కట్టించారట. “కానీ కనకం, మనిషిని తెచ్చుకోవడానికి కాటాకు లిఫ్ట్ ఒక్కటే దారి అనుకోకు,” అంది. “నీ బిళ్ళ మళ్ళీ పసుపైతే కాటా ఇంకేం చేస్తుందో యూసుఫ్ సాబ్ కూడా చెప్పలేకపోతున్నారు. నీ ఆరోగ్యం జాగ్రత్త.”

అన్న ఇంటికి వచ్చి పడుకున్నాను. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. గొంతులో ఏదో గీరుకుపోతున్నట్టుంది. పమిట కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళు మూసుకుని, దగ్గు రాకుండా ఆపుకుంటున్నాను.